పొడిగొంతు

వూచ్ నగరంలో గెరార్డ్ కుబియాక్ గొంతు వినని ఇల్లు లేదు. ఆయన మొహం గుర్తుపట్టేవాళ్లు మాత్రం ఆయన ఉండే మేడలో కూడా నలుగురైదుగురే. రొట్టెల కొట్లో నిలబడి "అర రొట్టె ఇవ్వండమ్మా, కోసివ్వండి" అన్నాడంటే ముందు నిలబడ్డ ముసలమ్మలు గిరుక్కున వెనక్కి తిరిగేవారు. ఎక్కడో విన్న గొంతు. ఎవరిదో చప్పున తట్టదు. సంచీ సర్దుకుంటూ వెళ్లిపోయేవారు. తట్టి ఉంటే తెల్లబోయేవారే. ఇన్నేళ్లుగా తమ ఇళ్లలో హంతకులు బెదిరించిందీ, కుర్రకారు ప్రేమ ఒలకబోసిందీ, తల్లులు బిడ్డల శవాల మీద పడి ఏడ్చిందీ అంతా ఈ అర రొట్టె గొంతుతోనే.

ఆయన పని సినిమాలు చదవడం. పరాయి సినిమాలో ఒక్కొక్క నటుడికీ ఒక్కొక్క గొంతు అతికించడం మావాళ్లకు గిట్టదు. అది చిన్నపిల్లల బొమ్మల సినిమాలకే అంటారు. పెద్దల సినిమా అయితే ఒకే ఒక్క మగమనిషి కూచుని అందరి మాటలూ మా పోలిష్ భాషలో చదివేస్తాడు, ఆడవాళ్లవీ, పిల్లలవీ, దయ్యాలవీ. అసలు నటుల గొంతులు కింద సన్నగా, పక్కవాటాలో ఎవరో పోట్లాడుకుంటున్నట్టు వినిపిస్తుంటాయి. బయటివాళ్లకు ఇది వింతగా ఉంటుందట. ఉండనివ్వండి. మాకు అది లేకపోతే సినిమా చూసినట్టే ఉండదు.

గెరార్డ్ ఈ పనిలోకి దొంగ కేసెట్ల రోజుల్లో వచ్చాడు. స్నేహితుడి వంటింట్లో గోడలకు రగ్గులు కొట్టి, చప్పుడు రాకుండా ఫ్రిజ్ ఆపేసి, స్టూలు మీద కూచుని చదివేవాడు. ఆ తర్వాత టీవీవాళ్లు పిలిచారు. అక్కడ హిపొలిత్ అనే ముసలి సౌండు మాస్టారు మొదటిరోజే ఆయన్ని నిలబెట్టి కడిగేశాడు.

"ఏమయ్యా, తెర మీద ఆవిడ ఏడుస్తుంటే మధ్యలో నీ ఏడుపేంటి?"

"పిల్లాడు పోయాడు కదండీ ఆవిడకి..."

"పోతే ఆవిడ ఏడుస్తుంది. అది ఆవిడ పని. నువ్వు అరక్షణం వెనకాల నడువు, మాట అందించు, పక్కకి తప్పుకో. సినిమా అయ్యాక నువ్వున్నావని ఎవడికీ గుర్తుండకూడదు. గుర్తున్నావంటే చెడగొట్టావన్నమాటే."

గెరార్డ్ నేర్చుకున్నాడు. బాగా నేర్చుకున్నాడు, వచ్చిన చిక్కంతా అదే. గొంతులో ఉన్న తడినంతా పిండి ఆరేశాడు. ఇంటికి వచ్చాక కూడా అది మళ్లీ తడవలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదంటారు. ఈయనకది పుట్టుకతో వచ్చింది కూడా కాదు, ఉద్యోగంతో వచ్చి అతుక్కుపోయింది. ఒకమ్మాయిని పెళ్లి చేసుకుంటావా అని అడిగితే, ఆలోచించి చెప్తానని వెళ్లి ఇంకొకర్ని చేసుకుంది. "ఆయన నన్ను అడిగాడో, ఎవరో ఎవర్నో అడిగింది నాకు చదివి వినిపించాడో తెలీలేదే" అని స్నేహితురాలి దగ్గర అందట. తల్లి పోయినప్పుడు చర్చిలో ఆయనే లేచి దేవుడి వాక్యం చదివాడు. ఒక్క కన్ను చెమర్చలేదు. బయటికి వచ్చాక మేనత్తలు భుజం తట్టి, "ఎంత స్పష్టంగా చదివావు నాయనా, ఒక్క అక్షరం పోలేదు" అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు. దానికన్నా నాలుగు తిట్లు తిట్టినా నయంగా ఉండేది.

ఆయన్ని చూసి నవ్వే హక్కు లోకంలో ఒక్కడికే ఉండేది. వాడు తమ్ముడు వితెక్, పన్నెండేళ్లు చిన్న. తల్లి నూలుమిల్లులో షిఫ్టులకు పోతుంటే వాణ్ణి ఎత్తుకు పెంచింది గెరార్డే. అన్నయ్య పేరు పండుగనాడు, అంటే ఆయన పేరున్న పునీతుడి రోజున, బంధువులందరూ బల్ల చుట్టూ చేరాక, వితెక్ లేచి నిలబడి వోద్కా గ్లాసును మైకులా పట్టుకుని అన్నయ్య గొంతు అచ్చు దించేవాడు. "చేప వచ్చింది. దోసకాయ పచ్చడి వచ్చింది. వదిన రాలేదు. అన్నయ్యకి చాలా బాధగా ఉంది. ఇక్కడ అందరూ నవ్వుతారు." అందరూ నవ్వేవారు. గెరార్డ్ కూడా కళ్లు తుడుచుకునేంతగా నవ్వేవాడు, ఏడాదికి ఆ ఒక్కరోజు.

వితెక్‌కి యంత్రమంటే చచ్చేంత భయం. వాడి చిన్నతనంలో తల్లి రెండు వేళ్లు మిల్లులో మగ్గం మింగేసింది. గుడ్డ చుట్టిన ఆ చేత్తోనే ఆవిడ వాడికి బీట్‌రూట్ సూపు తాగించేది. అప్పటి నుంచి వాడికి అదే జబ్బు. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి, గుమ్మందాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి చూసుకునేవాడు. పెళ్లయ్యాక భార్య మజేనా మాంసం మర తిప్పుతుంటే వంటింటి గడప తొక్కేవాడు కాడు. "మా ఆయన మహా శూరుడండీ, రేడియో కరుస్తుందని దాని మీద దుప్పటి కప్పి పడుకుంటాడు" అని ఆవిడ పదిమందిలో ఏడిపించేది.

అలాంటివాణ్ణి యంత్రమే తినేసింది. వాడు పనిచేసే గోదాము ఇక్కడ మూతపడితే ఇంగ్లండు వెళ్లాడు. అక్కడ క్యారెట్లు కడిగి సంచులకెత్తే షెడ్డులో, సంచులకు చీటీలంటించే పని అని చెప్పి తీసుకున్నారు. కదిలే బెల్టు ముందు చెయ్యి లాక్కుంది, తర్వాత మనిషిని. వాడు పెట్టెలో ఇంటికి వచ్చాడు. మూత తీయవద్దన్నారు. తల్లి పక్కనే పూడ్చి, మట్టి మీద చామంతులు పెట్టి వచ్చారు.

చాలాకాలానికి అక్కడి నుంచి కబురు వచ్చింది. మరణం మీద విచారణ జరుగుతుంది, ఇంటివాళ్లు ఉన్నచోటి నుంచే వీడియోలో కూర్చోవచ్చు, పోయిన మనిషి ఎలాంటివాడో వాళ్లలో ఒకరు చెప్పవచ్చు, దుబాసీని మేమే ఏర్పాటు చేస్తాం అని. షెడ్డువాళ్లు ఏం చెప్పబోతున్నారో కూడా అప్పుడే తెలిసింది. బెల్టు తిరుగుతుండగా వితోల్డ్ కుబియాక్, అంటే మన వితెక్, తనంతట తానే మూత తెరిచి, తొందరపడి లోపల చెయ్యి పెట్టాడట.

మజేనా నెత్తి కొట్టుకుంది. "ఈయనా? ఈయన చెయ్యి పెట్టడమా? ఇంట్లో మిక్సీ ఆపాక కూడా మూత నన్నే తియ్యమనేవాడు బావగారూ!"

"ఆ మాటే చెప్తాను. నేనే చెప్తాను, ఇంగ్లీషులో."

"మీరెందుకు? వాళ్లే ఎవర్నో ఇస్తామంటున్నారుగా?"

"వద్దు. ఆ వచ్చేవాడెవడో నాకు తెలుసు మజేనా. అరక్షణం వెనకాల నడుస్తాడు, మాట అందిస్తాడు, తప్పుకుంటాడు. నువ్వు గుండె బాదుకుని ఏడ్చినా అక్కడివాళ్లకు వినబడేది వాడి గొంతే. ఇన్నేళ్లూ ఆ మనిషిని నేనే."

ఆయన ఇంకేమీ కోరలేదు. పరిహారం ఊసెత్తలేదు, ఎవరినీ జైల్లో పెట్టమనలేదు. తన తమ్ముడు తొందరపాటు మనిషి కాదని, యంత్రం దగ్గరికి వెళ్లాలంటే వణికేవాడని, ఆ గదిలో కూచున్నవాళ్ల చెవిలో పడాలి, పడి వాళ్ల కడుపులోకి దిగాలి. మధ్యలో ఇంకో గొంతు అడ్డం రాకూడదు. ఒక్కసారి అలా జరిగితే చాలనుకున్నాడు.

ఆయనకు ఇంగ్లీషు రాదని కాదు. బతుకంతా దాని పక్కనే కూచున్నాడు. చూస్తే అర్థమవుతుంది, వింటే అర్థమవుతుంది. నోరు తెరిస్తేనే బండబారిన పోలిష్ ఇంగ్లీషు. అందుకని లిడియా దగ్గరికి వెళ్లాడు. ఇంగ్లండు పోయే లారీ డ్రైవర్లకూ నర్సులకూ నోళ్లు సరిచేసి పంపే మనిషి ఆవిడ. ట్రాము డిపో వెనక రెండు గదుల వాటా, కిటికీలో జెరేనియం కుండీ, గోడకొక అద్దం. ఆవిడ తలుపు తీసింది. ఆయన "నమస్కారం" అన్న మాట వినగానే ఆవిడ చెయ్యి నోటి మీదికి పోయింది.

"అయ్యో, మీరా! మా అమ్మ మీ గొంతు వింటేగాని నిద్రపోయేది కాదండీ."

"చాలామంది నిద్రపోయారు" అన్నాడు గెరార్డ్.

ఆవిడ పద్ధతి మోటుగానే ఉండేది గాని పనిచేసేది. పెదాల ముందు నూలుపోగు వేలాడదీసి, మాట మొదట్లో 'ప' అన్నప్పుడల్లా ఊపిరి తగిలి అది ఊగాలనేది. ఊగకపోతే మళ్లీ. 'బ్రదర్' అనమంటే గెరార్డ్ 'బ్రాజర్' అనేవాడు, అందులో 'ర' రాళ్లబాటలో బండిచక్రంలా దొర్లేది. నాలుకను పళ్ల మధ్య పెట్టించి, అద్దం ముందు నిలబెట్టి ఆ ఒక్క మాటే అనిపించింది. అరవై దాటిన మనిషి అద్దం ముందు నాలుక బయటపెట్టి తమ్ముణ్ణి పిలుస్తూ నిలబడేవాడు. చూస్తే నవ్వు రావాలి. లిడియాకు రాలేదు.

మావాళ్లందరికీ ఉన్న పెద్ద రోగం మాట చివర్న ఉంటుంది. "హ్యాండ్ అనండి."

"హ్యాంట్."

"చూశారా! చివరికొచ్చేసరికి ఊపిరి బిగబట్టేస్తారు. మనవాళ్లు మాట చివర దీపం ఆర్పేసి తలుపేసేస్తారండీ. ఆర్పకండి. గొంతు మీద వేలు పెట్టుకోండి, చివరిదాకా అక్కడ జుమ్మనాలి."

ఆయన వేలు పెట్టుకునేవాడు. ట్రాములో కూడా మెడ మీద రెండు వేళ్లు ఆనించుకుని గొణుక్కుంటుంటే, పక్కనున్నావిడ పాపం నాడి చూసుకుంటున్నాడనుకుని లేచి సీటిచ్చింది. చలికాలం దాటి చెట్లు చిగిర్చేసరికి నూలుపోగు ఊగింది, చివర్లు జుమ్మన్నాయి, 'బ్రదర్' నున్నగా వచ్చింది. లిడియా తన బతుకులో అంత మంచి చెవి ఉన్న శిష్యుణ్ణి చూడలేదు. చెప్పవలసినదంతా ఇద్దరూ కూచుని రాసుకున్నారు. ఆయనకు కంఠతా వచ్చేసింది. ఒకరోజు ఆవిడ దాన్ని రికార్డు చేసి వినిపించింది.

ఇద్దరూ విన్నారు. తప్పన్నది ఒక్కటి లేదు. ప్రతి అక్షరం ఉతికి ఆరేసినట్టుంది. అయినా రైలు ఎన్నో ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెబుతున్నట్టుంది. టీ చల్లారిపోయింది. లిడియా కప్పు పక్కకి జరిపింది.

"ఇంగ్లీషువాళ్ల మాట ఎక్కి దిగుతుంటుంది గెరార్డ్ గారూ. మనవాళ్లది మామూలుగానే చదునుగా ఉంటుంది, అక్కడ మనల్ని మొండిమనుషులనుకుంటారు. మీదైతే మరీ..." ఆగింది. "పోనీ, ఇదే మన భాషలో చెప్పండి. ఏడుపొస్తే ఏడవండి. ఆ రాగం పట్టుకుని ఇంగ్లీషులోకి తెద్దాం."

ఆయన పోలిష్‌లో చెప్పాడు. అదే ప్లాట్‌ఫారం, అదే రైలు.

"ఇది ఇంగ్లీషు జబ్బు కాదండీ" అంది లిడియా మెల్లగా.

తెలిసి కూడా ఆవిడ ఊరుకోలేదు. బంగాళాదుంపల బస్తా మోయిస్తూ చెప్పించింది, మెట్లెక్కిస్తూ చెప్పించింది, కూనిరాగం తీయించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. ముప్పై ఏళ్లు ఆరేసినదాన్ని మిగిలిన రెండు నెలల్లో ఎక్కడ తడుపుతారు? ఎక్కువ కష్టపెడితే ఆయన గొంతు ఇంకా తిన్నగా, ఇంకా శుభ్రంగా అయ్యేది. కష్టమొస్తే అలా చెయ్యడమే ఆయన నేర్చిన విద్య.

ఒకరోజు విసుగెత్తి ఆవిడ కుర్చీలో కూలబడింది. "ఆ రాసుకున్నది వదిలెయ్యండి. మీ తమ్ముడి గురించి ఏదో ఒకటి చెప్పండి. ఇంగ్లీషులోనే. ఆలోచించొద్దు, నేను దిద్దను."

గెరార్డ్ జెరేనియం వైపు తిరిగాడు. తర్వాత మొదలుపెట్టాడు. ఒక వేసవిలో అందరూ సరస్సుకి బయల్దేరారు. స్టేషనుకి పోయే ట్రాములో ఉండగా వితెక్‌కి ఇస్త్రీపెట్టె గుర్తొచ్చింది. ప్లగ్గు పీకావురా, నేను చూశానురా అన్నా వినడు. కదులుతున్న ట్రాములోంచి దూకి ఇంటికి పరిగెత్తాడు. ఇక్కడ రైలు వెళ్లిపోయింది. వీళ్లందరూ ప్లాట్‌ఫారం మీద పెట్టెల మీద కూచుని ఉడికించిన గుడ్లు ఒలుచుకు తింటుంటే, వాడు ఆయాసపడుతూ వచ్చి, ఇల్లంతా కాపాడిన వీరుడిలా చేతులు చాచి, "పీకేసే ఉంది!" అన్నాడు. ఆ మాట దగ్గర గెరార్డ్‌కు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఉన్నవాడు ఉన్నట్టుండి ఆగిపోయాడు. "పీకేసే ఉంది" అని ఇంకోసారి అన్నాడు. ఈసారి అది మాటలా లేదు.

చెప్పినంతసేపూ 'ర'లు రాళ్ల మీద దొర్లాయి. నాలుక పళ్ల మధ్యకు ఒక్కసారీ పోలేదు. ప్రతి మాట చివరా దీపం ఆరిపోయింది. లిడియా కళ్లనిండా నీళ్లు పెట్టుకుని బల్ల మీద చరిచింది.

"ఇదే! గెరార్డ్ గారూ, ఇదే చెప్పండి అక్కడ! ఇలాగే చెప్పండి!"

రికార్డయినదాన్ని ఆవిడ వినిపించింది. ఆయన తల వంచుకుని విన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఎవరిది, పశువుల సంతలో బేరగాడిలా ఉంది?"

"మీరేనండీ. మనిషిలా ఉంది."

"బ్రాజర్ అన్నాను. ఎన్నిసార్లన్నానో. వితెక్ స్నేహితుడు ఫెలెక్ అక్కడ రెండు వేసవులు పనిచేసి వచ్చాడు, వచ్చిన నాలుగు ముక్కలకే వాడు నోరు తెరిస్తే తోటివాళ్లు వాడిలాగే అని ఇకిలించేవారట. నేను ఇలా మాట్లాడితే అక్కడ కోట్లేసుకుని కూచున్నవాళ్లు ఏమనుకుంటారు? అన్నే ఇలా ఉంటే తమ్ముడింకెలాంటి మొద్దో, చెయ్యి పెట్టే ఉంటాడు అనుకోరూ?"

"అనుకోరండీ. వింటారు."

"మీరు ఇన్నేళ్లుగా మా నోళ్లు సరిచేస్తున్నది ఎందుకు మరి? తప్పుగా మాట్లాడితే లోకువ కడతారనే కదా? ఇప్పుడు తప్పులతోనే పొమ్మంటారేంటి?"

అదే మాట లిడియా ప్రతి డ్రైవరుకూ, ప్రతి నర్సుకూ మొదటిరోజే చెప్పేది. ఆ మాట మీదే బతికింది. ఆ పూట ఆవిడ ఆయన్ని గుమ్మందాకా సాగనంపి, లోపలికి వచ్చి, నూలుపోగు తెంపి పారేసింది. కాని ఆయన పట్టు ఆయనదే. శుభ్రమైనదే చెబుతానన్నాడు.

విచారణ రోజున మజేనా ఇంట్లో కూచున్నారు. కంప్యూటరు ఫెలెక్‌ది. ఫెలెక్ పై అంతస్తులో ఉంటాడు, కార్లు బాగుచేస్తాడు, వితెక్‌తో ఒకే బెంచీ మీద చదువుకున్నాడు. నూటపాతిక కిలోల మనిషి, పెళ్లినాటి కోటు వేసుకుని బొత్తాలు పట్టక ఊపిరి బిగబట్టి వచ్చాడు. యంత్రం చూసుకోవాలి కాబట్టి తెర ముందు నట్టనడుమ వాడే కూచున్నాడు. ఒక పక్క మజేనా, ఇంకో పక్క గెరార్డ్. ఆయన స్టూడియోలో లాగా నిటారుగా కూచుని, మైకు తన వైపుకి జరుపుకున్నాడు. ఎవరూ తినరని తెలిసినా మజేనా గసగసాల కేకు కోసి పెట్టింది.

దుబాసీ అక్కర్లేదని, ఇంగ్లీషు వచ్చిన మనిషి ఇక్కడే ఉన్నాడని ముందే రాసి పంపారు. తెర మీద ఒక గది కనబడింది. విచారణాధికారి నెరిసిన జుట్టు ఆడమనిషి, మొహంలో మంచితనం ఉంది. అక్కడి గుమస్తా మీరెవరెవరని అడిగితే గెరార్డ్ మూడు పేర్లూ చదివినట్టు చెప్పాడు. ఏ పేరు ఏ మొహానిదో ఆయన చెప్పలేదు, వాళ్లు అడగలేదు.

షెడ్డు మేనేజరు మాట్లాడాడు. తర్వాత వాళ్ల వకీలు మాట్లాడాడు. మజేనాకు ఒక్క ముక్క అర్థం కావడం లేదు, గెరార్డ్ మోచేయి పట్టుకుని "ఏమంటున్నారు? ఏమంటున్నారు బావగారూ?" అని గుంజుతోంది. గెరార్డ్ వాళ్ల మాటల వెనకే, అరక్షణం తేడాతో, తక్కువ గొంతుతో చెప్పుకుపోయాడు. బెల్టు తిరుగుతోంది. మూత తెరిచి ఉంది. అరుపు వినబడింది. మీట నొక్కేసరికి ఆలస్యమైంది. అరుపు వినబడిందన్న దగ్గర ఫెలెక్ భోరుమన్నాడు. వాడు పెళ్లిళ్లలోనూ ఏడుస్తాడు, ఫుట్‌బాల్ చూస్తూనూ ఏడుస్తాడు. ఇప్పుడు భుజాలు ఎగిరెగిరిపడుతుంటే మొహం చేతుల్లో దాచుకుని కుమిలిపోయాడు. కోటు బొత్తాం తెగి నేల మీద దొర్లింది.

ఇంటివాళ్లు చెప్పవలసింది చెప్పవచ్చునని విచారణాధికారి అంది.

గెరార్డ్ చెప్పాడు. నా తమ్ముడు జాగ్రత్తపరుడు. మా అమ్మ చెయ్యి ఏమైందో వాడు చిన్నప్పుడే చూశాడు. బతికినన్నాళ్లూ వాడు ఏ యంత్రంలోనూ చెయ్యి పెట్టలేదు, ఆగిపోయినదాంట్లో కూడా పెట్టలేదు. ఎవరైనా గట్టిగా అదిలించి పెట్టమంటే తప్ప వాడు పెట్టడు. అలా అదిలించినవారెవరో అడగండి. నున్నని 'బ్రదర్', జుమ్మనే 'హ్యాండ్'. ఒక్క అక్షరం పోలేదు. లిడియా అక్కడ ఉంటే దిద్దడానికి ఏమీ దొరికేది కాదు. చెబుతూ చెబుతూ ఆయన విచారణాధికారి మొహం వంకే చూశాడు. ఆవిడ కళ్లు తన మీద లేవు. ఫెలెక్ మీద ఉన్నాయి.

ముగిశాక ఆవిడ ఒక్కసారి ఇటు చూసి, "ధన్యవాదాలు. చాలా స్పష్టంగా అనువదించారు" అంది.

తర్వాత ముందుకు వంగి, మెల్లగా, ఒక్కొక్క మాటే చెప్పింది. "కుబియాక్ గారూ, మీ తమ్ముడి విషయంలో నాకు చాలా బాధగా ఉంది. మీరు ఎంత ప్రేమించారో ఈ గదిలో ఉన్నవాళ్లందరికీ కనబడుతూనే ఉంది."

ఆవిడ ఆ మాట చెబుతున్నది ఫెలెక్‌తో.

ఫెలెక్ తడిసిన మొహం ఎత్తాడు. "నాతోనా? ఏమంటోంది అన్నా?"

గెరార్డ్ నోరు తెరిచాడు. నేను, ఆ అన్నని నేను, అనాలి. నాలుగు మాటలు. ఏ భాషలోనైనా నాలుగు మాటలే. గొంతు దానంతట అది కదిలింది. అరక్షణం వెనకాల నడిచింది, మాట అందించింది.

"మీ తమ్ముడి విషయంలో ఆవిడకి చాలా బాధగా ఉందట. మీరు ఎంత ప్రేమించారో అందరికీ కనబడుతోందట."

"బావగారూ!" మజేనా ఆయన చెయ్యి పట్టుకుని ఊపేసింది. "మీరని చెప్పండి! వాళ్లకి మీరని చెప్పండి బావగారూ!"

తెరలోంచి ఆవిడ, ఆయన ఇంకేమైనా చెప్పదలుచుకున్నారా అని అడిగింది. గెరార్డ్ దాన్ని కూడా ఫెలెక్‌కి చెప్పాడు. ఫెలెక్ ఏమీ అర్థంకాక, ఏడుస్తూ తల అడ్డంగా ఊపాడు.

"లేదు" అన్నాడు గెరార్డ్ ఇంగ్లీషులో. "ఆయన చెప్పేదేమీ లేదు."

అదిలించినవారెవరని ఎవరూ అడగలేదు. కాసేపటికి ఆవిడ నిర్ణయం చదివింది. ప్రమాదం. మూత తెరిచి ఉన్న యంత్రంలో మృతుడు తన చేతిని తానే ఉంచాడు. మజేనా ఆయన మొహంలోకే చూస్తోంది కాబట్టి ఆయన అది కూడా చదివి వినిపించాడు, మొదటి నుంచి చివరిదాకా, ఒక్క మాట వదలకుండా.

తెర నల్లబడింది. మజేనా లేచి వెళ్లి ఫెలెక్ మెడ కావలించుకుంది. ఆ గదిలో ఏడుస్తున్నవాడు వాడొక్కడే, ఆవిడ మాత్రం ఎవర్ని పట్టుకుంటుంది? ఇద్దరూ అలా ఊగుతూ ఏడ్చారు. గెరార్డ్ వాళ్ల పక్కన కాసేపు నిలబడ్డాడు. తర్వాత వంగి గోడలోంచి కంప్యూటరు ప్లగ్గు పీకాడు. కోటు వేసుకుని గుమ్మందాకా వెళ్లాడు. మళ్లీ వెనక్కి వచ్చి, పీకేసే ఉందో లేదో చూశాడు.